రోజూ పెట్టెలు గీస్తున్నాను, కానీ అవి సొరంగాల్లా వస్తున్నాయి

తొలిగీత | సోమవారం, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. ఇరవై రెండు రోజులుగా పొద్దున్నే, వంటింట్లోకి వెళ్లకముందే, పది నిమిషాలు పెట్టెలు గీస్తున్నాను. ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టుకుని మధ్యలో కంటి ఎత్తు గీత గీసి, దాని మీద ఒక చుక్క పెడతాను. చుక్క చుట్టూ పన్నెండు చదరాలు వేస్తాను. ఒక్కొక్కటి సుమారు 4 సెంటీమీటర్లు ఉంటుంది. మూలల నుంచి చుక్క వైపు గీతలు లాగి, వెనక ముఖం వేసి పెట్టెను మూసేస్తాను. స్కేలు వాడను, రబ్బరు వాడను, బాల్ పెన్ను మాత్రమే.

మొదటి వారం గీతలు బాగా వణికాయి. ఇప్పుడు పది గీతల్లో ఏడెనిమిది చుక్క దగ్గరికి చేరుతున్నాయి. కానీ పెట్టెలు పెట్టెల్లా లేవు. పాచికలా ఉండాలనుకుని మొదలుపెట్టినది సొరంగంలా లోపలికి వెళ్లిపోతోంది. కాగితం మూలల్లో వేసినవి ఎవరో పట్టుకుని లాగినట్టు సాగిపోతున్నాయి. నియమం ప్రకారమే గీస్తున్నాను కదా, తప్పు ఎక్కడ జరుగుతోంది?

ఈ సాధన ఎందుకో కూడా చెబుతాను. మా అమ్మమ్మగారి ఊళ్లో పెంకుటిల్లు ఉంది. ముందు పొడవాటి వసారా, ఏడు చెక్క స్తంభాలు. వచ్చే వేసవిలో ఇల్లు విప్పేస్తున్నారు. ఫోటోలు చాలానే తీశాం. అయినా ఆ వసారా ఒక చివర కూర్చుని దాన్ని ఒక్కసారి నా చేత్తో గీసుకోవాలని ఉంది. నాకు సమయం తక్కువ, అందుకే అడుగుతున్నాను.

నల్లసిరా | సోమవారం, ఉదయం 9:15

యానిమేషన్‌లో నేపథ్య చిత్రాలు గీయడం నా పని. పదకొండేళ్లుగా పని మొదలుపెట్టే ముందు ఒక పేజీ పెట్టెలు గీస్తున్నాను. చేతి సంగతి వరకు నేను చెబుతాను, లోతు సంగతి ఇక్కడ వేరేవాళ్లు నాకంటే బాగా చెబుతారు.

గీత మణికట్టు నుంచి వస్తే రెండు మూడు సెంటీమీటర్లు దాటగానే వంగుతుంది. మణికట్టు ఒక ఇరుసు, దాని చుట్టూ తిరిగే పెన్ను విల్లులాంటి గీతనే ఇస్తుంది. మోచేయి, భుజం కదలాలి. కాగితం మీద చేతి బరువు మోపకండి, చిటికెన వేలు ఆనీ ఆననట్టు ఉంటే చాలు. గీసే ముందు పెన్ను కాగితానికి తగలకుండా అదే దారిలో గాలిలో రెండు మూడుసార్లు ఆడించండి. చెయ్యికి దారి తెలిశాక ఒక్క ఊపులో గీసేయండి. ఆ సమయంలో కళ్లు పెన్ను మొన మీద ఉండకూడదు, చుక్క మీద ఉండాలి.

తప్పిన గీత మీద మళ్లీ గీత వేయకండి. ఒకే అంచుకు నాలుగు గీతలు పడితే ఏది మీరు అనుకున్న అంచో మీకే తెలియదు, రేపు ఆ పేజీ చూసి నేర్చుకునేదీ ఉండదు. తప్పిన గీతతోనే పెట్టెను మూసేసి తరువాతి దానికి వెళ్లండి.

మూలమట్టం | సోమవారం, మధ్యాహ్నం 1:40

ఆర్కిటెక్చర్ నాలుగో ఏడాది చదువుతున్నాను. తొలిగీత గారూ, మీ గీతలు చుక్కకు చేరుతున్నాయంటే దిశ సరిగానే ఉంది. వెనక ముఖాన్ని ఎక్కడ ఆపాలన్నది ఆ చుక్క చెప్పదు. అక్కడ మీరు ఊహతో ఆపుతున్నారు. సొరంగం పుట్టేది అక్కడే.

ఒక్క లెక్క చూడండి. మీ కన్ను కాగితానికి 32 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. కాగితం మీద ముందు ముఖం 4 సెంటీమీటర్లు. అదే కొలతలో పెట్టె లోతు కూడా 4 అయితే, వెనక ముఖం ఎంత కనిపించాలి? 32ను 36తో భాగించి 4తో గుణించండి. దాదాపు 3.6 సెంటీమీటర్లు వస్తుంది. అంటే ముందు ముఖానికీ వెనక ముఖానికీ తేడా అర సెంటీమీటరు కూడా లేదు!

మీరు వెనక ముఖాన్ని ఎంత వేస్తున్నారో కొలిచి చూడండి. 2 సెంటీమీటర్లు వేస్తున్నారేమో అని నా అనుమానం. ముందు ముఖంలో సగం కనిపించాలంటే వెనక ముఖం మీ కంటికి రెట్టింపు దూరంలో ఉండాలి. అంటే పెట్టె లోతు 32 సెంటీమీటర్లు, వెడల్పుకు ఎనిమిది రెట్లు. మీ కళ్లు మిమ్మల్ని మోసం చేయడం లేదు. మీరు గీసింది నిజంగానే సొరంగం.

ఇక మూలల్లో సాగిపోవడం గురించి. అది వేరే జబ్బులా కనిపిస్తుంది కానీ మూలం ఇదే. సగానికి తగ్గిన వెనక ముఖంతో అది సమఘనమే అని పట్టుబడితే, మీ కన్ను కాగితానికి కేవలం 4 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. అంత దగ్గరగా ముక్కు ఆనించి ఎవరూ బొమ్మ చూడరు. సాధారణంగా చూపు మధ్య నుంచి అన్ని వైపులా 30 డిగ్రీలు, అంటే మొత్తం 60 డిగ్రీల శంకువులో ఉన్నవే సహజంగా అనిపిస్తాయి. కన్ను 4 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ శంకువు కాగితం మీద చుక్క చుట్టూ 2.3 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వలయం మాత్రమే. దాని బయట వేసినదంతా సాగినట్టే ఉంటుంది. అదే కన్ను 32 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ వలయం 18 సెంటీమీటర్లు దాటుతుంది, ఏ4 కాగితం నాలుగు మూలలూ అందులో ఇమిడిపోతాయి. అప్పుడు మూలల్లోని పెట్టెలు కూడా కుదురుగా ఉంటాయి.

చెట్టుకింద | సోమవారం, సాయంత్రం 7:05

నా అభిప్రాయం వేరు. ఇరవై రెండు రోజులు పెట్టెలు గీసిన సమయంలో ఇరవై రెండు నిజమైన వస్తువులు గీసి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. బీరువాను చూసి గీసేవాళ్లు దాన్ని సొరంగంలా గీయరు, ఎదురుగా బీరువా ఉంటుంది కాబట్టి. ఊహలో పెట్టె గీసేటప్పుడు తప్పు చెప్పేవాళ్లు లేరు. అదే తప్పు రోజుకు పన్నెండుసార్లు చేస్తే అది చేతికి అలవాటైపోతుంది.

అమ్మమ్మగారి వసారా మీ మనసులో ఉంది. సెలవు రోజున అక్కడికి వెళ్లి గీయండి. మొదటి బొమ్మ చెడిపోతుంది, రెండోదీ చెడిపోతుంది, పదోది నిలబడుతుంది. వేసవి దాకా ఇంట్లో కూర్చుని సిద్ధమవుతూ ఉంటే ఇల్లు ఉండదు.

అరఠావు | సోమవారం, రాత్రి 9:30

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్లు డ్రాయింగ్ చెప్పి రిటైర్ అయ్యాను. లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలకు వెళ్లే పిల్లలకు ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. చుక్కను వ్యానిషింగ్ పాయింట్ అని పుస్తకంలో రాయించేవాణ్ని, నోటితో మాత్రం 'కలిసే చుక్క' అనే చెప్పేవాణ్ని. పిల్లలకు అది వెంటనే ఎక్కేది.

మూలమట్టం గారి లెక్క నూటికి నూరుపాళ్లు నిజం. అయితే పొద్దున పది నిమిషాల సాధనలో లెక్క పెట్టుకోకండమ్మా. ఆ పది నిమిషాలు చేతివి. లెక్క కావాలంటే ఆదివారం ఒక గంట తీరిగ్గా స్కేలు, సెట్‌స్క్వేర్ పట్టుకుని కూర్చోండి. ఈ రెండు పనులనూ కలిపేస్తే చెయ్యి బిగుసుకుపోతుంది, లెక్కా తెమలదు. మా పిల్లల్లో కొలతకు భయపడి గీత గీయలేకపోయినవాళ్లను చాలామందిని చూశాను.

తరగతిలో నేను చేసింది చెబుతాను. బల్ల మీద ఒక అగ్గిపెట్టె పెట్టి, దాని మొహం పిల్లవాడికి నేరుగా ఉండేలా తిప్పేవాణ్ని. ఒక కన్ను మూసి, పెన్సిలు చేయి చాచి పట్టుకుని, ముందు అంచు వెడల్పు బొటనవేలితో గుర్తు పెట్టుకోమనేవాణ్ని. తరువాత చెయ్యి కదపకుండా వెనక అంచుతో పోల్చమనేవాణ్ని. 'వెనకది ఇంత పెద్దగా ఉందా!' అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఆశ్చర్యపోయేవారు. దూరమైనది చిన్నదవుతుందని మనకు తెలుసు కాబట్టి చెయ్యి దాన్ని మరీ చిన్నది చేసేస్తుంది. తెలిసినదాని బరువు కంటి మీద అలా పడుతుంది.

ఇంకొకటి. చుక్కకు బాగా దగ్గరగా ఉన్న పెట్టెకు పక్క గోడ దాదాపు కనిపించదు. మూలమట్టం గారి కొలతల్లోనే చూస్తే, చుక్క నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో ఉన్న అంచుకు పక్క గోడ మందం 3 మిల్లీమీటర్లే. అది చూసి 'ఇది పెట్టెలా లేదే' అని చెయ్యి ఓర్చుకోలేదు, లోతు పెంచేస్తుంది. ఓర్చుకోండి. సన్నటి పట్టీలా ఉంటే ఉండనివ్వండి, అదే నిజం.

చెట్టుకింద గారూ, మీరన్నదానిలో సగం ఒప్పుకుంటాను. చూసి గీయనివాడికి పెట్టెలు ఎన్ని గీసినా లాభం లేదు. కానీ గీత అదుపులో లేనివాణ్ని వసారాలో కూర్చోబెడితే వాడి ధ్యాసంతా చెయ్యి మీదే ఉంటుంది, స్తంభం మీద ఉండదు.

బోర్డులవీధి | మంగళవారం, ఉదయం 7:20

ఈ చర్చ చదువుతుంటే మా నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన సైన్‌బోర్డులు రాసేవారు. ఫ్లెక్సీలు రాకముందు మా ఊళ్లో సగం దుకాణాల పేర్లు ఆయన చేతి రాతే.

అక్షరాలకు మందం పెట్టి, అవి గోడలో నుంచి ముందుకు వచ్చినట్టు రాసేటప్పుడు ఆయన గోడకు ఒక మేకు కొట్టేవారు. సాధారణంగా దుకాణం పేరుకు మధ్యలో, కాస్త కిందుగా. ఆ మేకుకు దారం కట్టి, దారం రెండో కొసను అక్షరం ప్రతి మూలకూ తీసుకెళ్లి బిగించి పట్టుకునేవారు. దారం చూపించిన దారిలో సుద్దతో చిన్న గీత. పేరంతా అయ్యాక చూస్తే అక్షరాలన్నీ ఒకే చోటికి వంగి నమస్కరిస్తున్నట్టు ఉండేవి. నేను చిన్నప్పుడు నిచ్చెన కింద నిలబడి ఆ దారం ఉండ పట్టుకునేదాన్ని. దీనికి ఒక పేరు ఉందని, దీన్ని పాఠంగా చెబుతారని పెద్దయ్యాక గానీ తెలియలేదు.

ఒక సంగతి మా నాన్నగారి దగ్గరే నేర్చుకున్నాను. ఇంగ్లిషు అక్షరాలకు మూలలు ఉంటాయి, దారం ఎక్కడ పెట్టాలో వెంటనే తెలుస్తుంది. తెలుగు అక్షరాలు గుండ్రం. 'ల'కు మూల ఎక్కడ? ఆయన ముందు అక్షరం చుట్టూ పెట్టె గీసేవారు. పెట్టెకు లోతు పెట్టి, వెనక ముఖంలో అదే అక్షరాన్ని కొంచెం చిన్నగా మళ్లీ రాసేవారు. తరువాత దారాన్ని ముందు అక్షరం ఒంపును ఒరుసుకుంటూ పోయేలా పట్టుకుని రెండింటినీ కలిపేవారు. ఒకే చుక్క ఉన్న ఈ పద్ధతిలో మనకు ఎదురుగా ఉన్న గుండ్రం వెనక్కి వెళ్లినా గుండ్రంగానే ఉంటుంది, కోడిగుడ్డులా నొక్కుకుపోదు, పరిమాణమే తగ్గుతుంది. మన లిపికి ఇంతకంటే అనువైన పద్ధతి లేదని నా నమ్మకం.

తొలిగీత గారూ, పెట్టెలు విసుగనిపించిన రోజున మీ పేరులోని అక్షరాలకు మందం పెట్టి చూడండి. అదీ పెట్టెల సాధనే.

ముంగిలి | మంగళవారం, సాయంత్రం 4:10

బోర్డులవీధి గారూ, మీ నాన్నగారి మేకు గురించి చదివి ఒక్కసారిగా లేచి నిలబడ్డాను. నేను చదువుకోసం మిలాన్‌లో ఉంటున్నాను. ఇక్కడ సాంతా మారియా దెల్లె గ్రాత్సియే మఠం భోజనశాల గోడ మీద లియొనార్డో డావిన్చీ 1495 నుంచి 1498 మధ్య చిత్రించిన 'చివరి విందు' ఉంది. లోపలికి పావుగంట మాత్రమే అనుమతిస్తారు. ఆ బొమ్మలో గది గోడలు, పైకప్పు దూలాలు వెనక్కి వెళ్లే గీతలన్నీ క్రీస్తు తల దగ్గర, కణత మీద కలుస్తాయి. ఆ చోట గోడలో చిన్న రంధ్రం ఉందని మరమ్మతు చేసినవాళ్లు గుర్తించారు. అది మేకు గుర్తు. దానికి దారం కట్టి గీతలు లాగారని చెబుతారు. అయిదు వందల ఏళ్ల తేడాతో రెండు గోడలు, రెండు మేకులు, ఒకే దారం.

ఫ్లోరెన్స్‌లో ఇంకో గోడ చూశాను. సాంతా మారియా నొవెల్లా చర్చిలో మసాచ్చో 1420ల చివర్లో వేసిన 'త్రిత్వం'. కలిసే చుక్క శిలువ అడుగున, నేల మీద నిలబడి చూసేవాళ్ల కంటి ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. అందుకే పైన కమాను కింద నిలబడి పైకి చూస్తున్నట్టే అనిపిస్తుంది. గోడకు నిజంగా గూడు తొలిచారేమో అనుకున్నాను. కంటి ఎత్తు గీతను ఎక్కడ పెట్టాలన్న ఒక్క నిర్ణయానికి ఎంత బలం ఉందో అక్కడ తెలిసింది.

తొలిగీత | బుధవారం, ఉదయం 6:35

అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి పాత పేజీలన్నీ తీసి స్కేలుతో కొలిచాను. మూలమట్టం గారి అనుమానం నిజం. 4 సెంటీమీటర్ల పెట్టెలకు వెనక ముఖం 1.8 నుంచి 2.3 మధ్యే వేశాను, ఇరవై రెండు రోజులూ!

ఈ రోజు వెనక ముఖాన్ని కావాలనే పెద్దగా వేశాను. గీసేటప్పుడు ప్రతిసారీ తప్పు చేస్తున్నట్టే అనిపించింది. పేజీని గోడకు ఆనించి నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూస్తే మొదటిసారి పాచికల్లా కనిపించాయి. మాస్టారు చెప్పినట్టు చుక్క పక్కన ఉన్న పెట్టె సన్నటి పట్టీలా ఉండిపోయింది. దాన్ని అలాగే వదిలేశాను.

రెండు సందేహాలు. స్కేలు లేకుండా గీసిన పెట్టె లోతు సరిగా ఉందో లేదో గీశాక ఎలా సరిచూసుకోవాలి? వసారాలో స్తంభాల మధ్య దూరం వెనక్కి వెళ్లేకొద్దీ తగ్గుతుంది కదా, ఎంత తగ్గించాలి?

మూలమట్టం | బుధవారం, ఉదయం 10:20

మొదటి ప్రశ్నకు. కంటి ఎత్తు గీత మీద, కలిసే చుక్క నుంచి పక్కకు 32 సెంటీమీటర్ల దూరంలో ఇంకో చుక్క కావాలి. కంటికీ కాగితానికీ ఎంత దూరం అనుకున్నారో అంతే దూరం. ఏ4 కాగితం బయటికి పోతుంది కాబట్టి పేజీని పెద్ద అట్ట మీద అంటించి అట్ట మీద గుర్తు పెట్టుకోండి. కుడివైపు గుర్తు పెడితే, పెట్టె అడుగు ముఖంలో ముందు ఎడమ మూల నుంచి ఆ గుర్తుకు స్కేలుతో గీత లాగండి. అది కుడివైపు అంచును ఎక్కడ కోస్తుందో అక్కడే వెనక మూల ఉండాలి. 45 డిగ్రీల్లో వెళ్లే కర్ణాలన్నీ ఆ గుర్తుకే చేరతాయి, అదే దాని గుట్టు.

లియోన్ బత్తిస్తా అల్బెర్తీ 1435లో చిత్రకళ మీద రాసిన గ్రంథంలో చదరపు పలకల నేలను గీసే పద్ధతి చెప్పి, సరిచూసుకోవడానికి కర్ణాన్నే వాడమన్నాడు. పలక నుంచి పలకకు కర్ణం ఒకే తిన్నని గీతగా సాగితే నేల సరిగ్గా ఉన్నట్టు, విరిగితే లోతు తప్పినట్టు. ఇప్పటికీ ఇంతకంటే సులువైన పరీక్ష నాకు తెలియదు.

మాస్టారూ, పొద్దున సాధనలో కొలవవద్దన్న మీ మాటతో మాత్రం పూర్తిగా ఏకీభవించలేను. గీసేటప్పుడు కొలవకూడదు, నిజమే. గీసిన వెంటనే పన్నెండింటిలో ఒక్కదాన్ని కొలిచినా కంటికి దిద్దుబాటు అందుతుంది. ఇరవై రెండు రోజులు కొలవకపోవడం వల్లనే కదా తొలిగీత గారికి తప్పు పట్టుబడలేదు.

అరఠావు | బుధవారం, సాయంత్రం 6:00

ఒప్పుకుంటున్నాను. పెన్ను మూత పెట్టాక ఒక్కటి కొలవండి. నేను భయపడింది పెన్ను చేతిలో ఉండగా కొలవడం గురించి.

స్తంభాల సంగతికి వస్తాను. ఎంత తగ్గించాలో ఊహించనక్కరలేదు, మొదటి రెండు స్తంభాలు మిగతా అయిదింటినీ చెబుతాయి. మొదటి స్తంభం పైకొస నుంచి కలిసే చుక్కకు ఒక గీత, అడుగు నుంచి ఒక గీత, సరిగ్గా నడుము నుంచి ఇంకో గీత లాగండి. రెండో స్తంభాన్ని చూసి, పెన్సిలుతో కొలిచి నిలబెట్టండి. ఇప్పుడు మొదటి స్తంభం పైకొస నుంచి రెండో స్తంభం నడుము గుండా ఏటవాలుగా గీత లాగితే అది నేల గీతను ఎక్కడ తాకుతుందో అక్కడ మూడో స్తంభం. రెండోదాని పైకొస నుంచి మూడోదాని నడుము గుండా లాగితే నాలుగోది. అలా చివరిదాకా. రైలు పట్టాల కింద స్లీపర్లయినా, కరెంటు స్తంభాలయినా ఇదే దారి.

ఒక హెచ్చరిక. పాత ఇళ్లలో స్తంభాలను అన్నిచోట్లా సమదూరంలో పెట్టరు. వాకిలి ఎదురుగా ఉన్న గడి తరచుగా వెడల్పుగా ఉంటుంది. ముందు అడుగులతో కొలుచుకోండి, తరువాతే ఈ కిటుకు వాడండి.

వసారాలో కూర్చోగానే మొట్టమొదట మీ కంటి ఎత్తు ఎక్కడుందో తేల్చుకోండి. నేల మీద కూర్చుంటే సుమారు రెండున్నర అడుగులు, నిలబడితే అయిదడుగులు. సమానమైన ఎత్తున్న స్తంభాలన్నిటినీ ఆ గీత ఒకే పాలు దగ్గర కోస్తుంది. మొదటి స్తంభాన్ని మూడో వంతు దగ్గర కోస్తే ఏడోదాన్నీ మూడో వంతు దగ్గరే కోయాలి. మీ ఎత్తే ఉన్న మనిషి చదునైన నేల మీద ఎంత దూరంలో నిలబడినా, మీరు నిలబడి చూస్తున్నంతసేపూ అతని కళ్లు మీ కంటి ఎత్తు గీత మీదే ఉంటాయి. ఈసారి రైలు కోసం ఎదురుచూస్తున్నప్పుడు ప్లాట్‌ఫారం పొడవునా చూడండి, తలలన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. తరువాత పాదచారుల వంతెన ఎక్కి చూడండి, ఆ గీత మీతోపాటే పైకి వస్తుంది, తలలన్నీ దాని కిందికి జారిపోతాయి.

చెట్టుకింద | గురువారం, ఉదయం 8:45

మాస్టారి వివరణ తరువాత పెట్టెల మీద నాకున్న కోపం కొంత తగ్గింది. ఒక మాట మాత్రం వదులుకోలేను. గీతలన్నీ ఒక చుక్కలో కలవాలన్నది చూసే పద్ధతుల్లో ఒకటి. చేర్యాల నకాషీ పటాల్లో కలిసే చుక్క లేదు. కథ అడ్డ వరుసల్లో నడుస్తుంది, ముఖ్యమైన పాత్ర పెద్దగా ఉంటుంది. కథకుడు పటం విప్పుతూ పోతుంటే చూసేవాళ్ల చూపూ దానితో కదులుతుంది, ఒకచోట కట్టుబడి ఉండదు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల కింద నడిచినప్పుడు కూడా నాకు అదే అనిపించింది. ఆ చిత్రకారులకు ఏదో తక్కువైందని ఎవరూ అనుకోకూడదు. కలిసే చుక్క పెట్టగానే చూసేవాణ్ని ఒక చోట, ఒక ఎత్తులో, ఒక కంటితో కూర్చోబెడుతున్నాం.

తొలిగీత గారికి కావలసింది అదే అనుకుంటాను. అమ్మమ్మగారి వసారాలో ఒక చోట కూర్చోవడం. అందుకు ఈ పద్ధతి సరైనదే. వెళ్లడం మాత్రం ఆలస్యం చేయకండి.

నల్లసిరా | గురువారం, మధ్యాహ్నం 12:30

చెట్టుకింద గారి మాట నిజం. మా పనిలో కూడా నేపథ్యం మీద కెమెరా పక్కకు జరుగుతూ పోవాలంటే ఒకే చుక్క పనికిరాదు, ఎక్కడికక్కడ సర్దుకోవాలి.

చివరిగా ఒక చిట్కా. పెట్టెలను చుక్కకు కింద మాత్రమే వేస్తే రోజూ మూతలే గీస్తారు. కంటి ఎత్తు గీత పైన కొన్ని వేయండి, వాటి అడుగులు కనిపిస్తాయి. అటకల్లా, వేలాడే అలమరల్లా ఉంటాయి. గీత మీదుగా కొన్ని వేయండి, వాటికి మూతా అడుగూ రెండూ కనిపించవు. వసారాలో మీకు మూడూ అవసరం. అరుగు కిందికి, దూలాలు పైకి, తలుపులు గీత మీదుగా. పన్నెండింటినీ నాలుగు నాలుగుగా పంచుకోండి. కనిపించని వెనక అంచులను కూడా గీయండి, గాజుపెట్టెలా. వెనక మూల తప్పు చోట పడితే అప్పుడే బయటపడుతుంది.

బోర్డులవీధి | గురువారం, సాయంత్రం 5:15

స్కేలు తీసుకెళ్లకపోయినా పరవాలేదు, దారం ఉండ ఒకటి తీసుకెళ్లండి. కాగితాన్ని అట్టకు బిగించి, కలిసే చుక్క దగ్గర గుండుసూది గుచ్చి దారం కట్టుకోండి. అనుమానం వచ్చిన గీత మీద దారం పట్టి చూడండి. గీసేది మీ చెయ్యే, దారం సాక్షి మాత్రమే.

తొలిగీత | తరువాతి ఆదివారం, రాత్రి 8:20

ఈ రోజు వెళ్లి వచ్చాను. దారం ఉండ, గుండుసూది, రెండు ఠావులు, బాల్ పెన్ను తీసుకెళ్లాను.

మొదట వసారా పడమటి చివర నిలబడి గీశాను. స్తంభాలు కుదిరాయి, దూలాలు కుదిరాయి, దారం పట్టి చూస్తే రెండు గీతలే తప్పాయి. కానీ అది నాకు తెలిసిన వసారాలా లేదు. ఎవరో అతిథి వచ్చి చూసి వెళ్లినట్టు ఉంది. చాలాసేపు కారణం తెలియలేదు. తరువాత మాస్టారు కంటి ఎత్తు గురించి చెప్పింది గుర్తొచ్చింది. నేను ఆ వసారాను అయిదడుగుల ఎత్తు నుంచి ఎప్పుడూ చూడలేదు. సెలవులకు వచ్చినన్నాళ్లూ గోడకు ఆనుకుని నేల మీద కూర్చునే చూశాను.

రెండో ఠావు కింద కూర్చుని గీశాను. కంటి ఎత్తు గీత కిందికి వచ్చేసింది, స్తంభాలన్నిటినీ మూడో వంతు దగ్గర కోసింది, ఏడోదానితో సహా. పైన దూలాలు ఒక్కసారిగా ఎత్తుగా లేచాయి. నేల సన్నటి పట్టీ అయిపోయింది, దాన్ని పెద్దది చేయకుండా అలాగే ఉంచాను. మాస్టారూ, మీరు హెచ్చరించినట్టే వాకిలి ఎదురుగా మూడో, నాలుగో స్తంభాల మధ్య గడి వెడల్పుగా ఉంది. అక్కడ ఏటవాలు గీతను ఆపి, అడుగులతో కొలిచి, మళ్లీ మొదలుపెట్టాను.

కలిసే చుక్క ఎక్కడ పడిందో చూస్తే, వసారా తూర్పు చివరి గోడ మీద, రుబ్బురోలు పక్కన. అమ్మమ్మ పప్పు రుబ్బడానికి కూర్చునే చోటు అది. గుండుసూది గుచ్చిన రంధ్రం కాగితం మీద అలాగే ఉంది, పూడ్చలేదు.

వేసవికి ఇంకా మూడు నెలలు ఉంది. వచ్చే ఆదివారం తూర్పు చివర నుంచి ఇటు గీయాలనుకుంటున్నాను. పొద్దున ఎండ ఆ వైపు నుంచే వసారాలోకి వస్తుంది, స్తంభాల నీడలు నేల మీద ఏటవాలుగా పడతాయి. ఆ నీడలు ఈ చుక్కకు చేరవని చూడగానే అర్థమైంది. అవి ఎక్కడ కలుస్తాయి?

మూలమట్టం | ఆదివారం, రాత్రి 9:05

అదే కంటి ఎత్తు గీత మీద, సూర్యుడు ఉన్న దిక్కుకు నిట్టనిలువుగా కింద. తూర్పు చివర కూర్చుంటే సూర్యుడు మీ వెనక ఉంటాడు కాబట్టి నీడలు మీ నుంచి దూరంగా వెళ్తాయి, అప్పుడు చుక్క సూర్యుడికి సరిగ్గా ఎదుటి దిక్కున పడుతుంది. నిలువు స్తంభాల నీడలన్నీ ఆ ఒక్క చుక్కకే వెళ్తాయి. ఎండ కదులుతూ ఉంటుంది, కాబట్టి నీడల అంచులను మాత్రం మొదటి పది నిమిషాల్లోనే గుర్తు పెట్టేసుకోండి.